జబ్బు పేరు తెలిసేలోగా...

2025 ఫిబ్రవరి 25న రక్షణ మంత్రిత్వశాఖ ఎల్ అండ్ టీ సంస్థతో ఒక చిన్న ఒప్పందం కుదుర్చుకుంది. సైన్యానికీ, వాయుసేనకూ రూ.80.43 కోట్లతో 223 రసాయన ఆయుధ హెచ్చరిక యంత్రాలు కొంటారు. యుద్ధ విమానాల బేరాల పక్కన ఈ మొత్తం ఏ మూలకూ రాదు కనుక చాలామంది పాఠకుల కంట ఆ వార్త పడి ఉండదు. గ్వాలియర్‌లోని డీఆర్‌డీఈ ప్రయోగశాల రూపొందించిన ఈ యంత్రం చుట్టూ ఉన్న గాలిని పీల్చి, అందులోని అణువులను అయాన్లుగా మార్చి, అవి కదిలే వేగాన్ని బట్టి విషవాయువును పసిగట్టి అలారం మోగిస్తుంది. పుణెలోని కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజినీరింగ్‌లో అణు, జీవ, రసాయన రక్షణ కోర్సు చేసిన రోజుల్లో మే నెల ఎండలో రబ్బరు ముసుగు తొడుక్కుని పరుగులు పెట్టినవాణ్ణి. మన దేశంలో తయారైన యంత్రం మన జవాను చేతికి వస్తోందంటే నాకు సంతోషం కాక మరేమిటి? ఒక్కటే వెలితి. అదే గాలిలో ఆంత్రాక్స్ బీజకణాలు తేలివస్తే ఈ యంత్రం నోరు విప్పదు. అది దాని పని కాదు.

అణు ధార్మికతను మీటరు క్షణాల్లో చూపిస్తుంది. విషవాయువు నిమిషాల్లో మనిషిని పడేస్తుంది కాబట్టి దాడి జరిగిందని చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. సూక్ష్మక్రిమి అలా కాదు. అది ఒంట్లో చేరి, రెండు రోజులో పది రోజులో పొదిగి, మామూలు జ్వరంలా బయటపడుతుంది. అప్పటికి దాన్ని పీల్చినవాళ్లు ఏ రైలెక్కి ఏ ఊరు చేరారో ఎవరికీ తెలియదు. అందుకే జీవాయుధ దాడిని మొదట చూసేది సరిహద్దు కాపలాదారు కాదు. ఏదో ఒక ఊళ్లో రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు. అతను ఎంత త్వరగా జబ్బుకు పేరు పెట్టగలడన్నది దేశ భద్రతకు సంబంధించిన ప్రశ్నే.

ఈ మాటను నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఖరగ్‌పూర్‌లో నేర్చుకున్నాను.

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరారు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర పల్లెల మనుషులతో నిండిన ఊరది. మథురాకాటీ, నింపురా క్వార్టర్ల సందుల్లో ఇప్పటికీ తెలుగే ముందు వినబడుతుంది. 1072.5 మీటర్ల ప్లాట్‌ఫాం ప్రపంచంలోకెల్లా పొడవైనదని మేం గొప్పలు చెప్పుకునేవాళ్లం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ గొప్పను లాగేసుకున్నాయి, అది వేరే సంగతి. బయటివాళ్లకు అది రైల్వే ఊరూ, ఐఐటీ ఊరూ మాత్రమే. సైనికుడి కంటికి మరొకటి కూడా కనిపిస్తుంది. 1944లో అమెరికా బీ-29 బాంబర్ల దళం హిజ్లీ జైలు భవనంలోనే తన ప్రధాన కార్యాలయం పెట్టుకుంది. 1951లో తొలి ఐఐటీ మొదలైంది అదే భవనంలో. పక్కనే ఉన్న కలైకుండా వైమానిక స్థావరం మీద 1965 సెప్టెంబరు 7న పాకిస్థాన్ సేబర్ జెట్‌లు విరుచుకుపడ్డాయి. ఇటు సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ ఉంది. హౌరా నుంచి ముంబయికీ, చెన్నైకీ వెళ్లే రైళ్లు ఇక్కడే చీలిపోతాయి. ఇన్ని ఒక్కచోట చేరిన ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు.

1991లో నేను సెలవు మీద ఇంటికి వెళ్లేసరికి మా బావకు మూడు వారాలుగా జ్వరం, భరించలేని తలనొప్పి. మొదట టైఫాయిడ్ అన్నారు. తర్వాత మలేరియా మందు ఇచ్చారు. మెడ బిగుసుకుపోయి మాట తడబడ్డాక వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. మెదడు పొరల వాపు అని తేలింది. కానీ ఏ క్రిమి వల్ల? మామూలు బ్యాక్టీరియా అయితే ఒక మందు, క్షయ అయితే వేరే మందు. సూక్ష్మదర్శినిలో ఏమీ కనిపించలేదు. కల్చర్ ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందన్నారు. మా అక్క నన్ను వరండాలోకి పిలిచి, "ఆళ్లకే ఏటీ తెలీదంట తమ్ముడూ, మరి మందేటి ఎక్కిస్తన్నారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రెండు మందులూ కలిపి ఎక్కించారు. బావ బతికాడు. వినికిడి చాలావరకు పోయింది. వర్క్‌షాపులో సుత్తి దెబ్బ వినలేని ఫిట్టరును ఎక్కడ నిలబెట్టాలో తెలియక స్టోర్సుకు మార్చారు. ఆ వైద్యులను తప్పుపట్టను. చేతిలో ఉన్నదాంతో చేయగలిగింది చేశారు.

కొన్నేళ్ల తర్వాత కోర్సులో భాగంగా ఒక వ్యాసం చదువుతూ ఉలిక్కిపడ్డాను. 1987లోనే హాంకాంగ్ వైద్యులు లాన్సెట్ పత్రికలో ఒక సంగతి ప్రకటించారు. వెన్నునీటిలో క్షయ క్రిమి కనబడకపోయినా, దాని ఒంట్లోని ఒక కొవ్వు ఆమ్లం జాడ దొరికితే క్షయ అని చెప్పవచ్చు. కల్చర్ కోసం వారాల తరబడి కూర్చోనక్కర్లేదు. ఆ జాడ పట్టేది గ్యాస్ క్రోమటోగ్రఫీ, దానికి జతచేసిన మాస్ స్పెక్ట్రోమీటర్. అలాంటి యంత్రాలు అప్పటికే మన దేశంలోనూ పెద్ద రసాయన ప్రయోగశాలల్లో ఉన్నాయి. మామూలు ఆసుపత్రుల్లో లేవు.

దీని కిటుకు ఏమిటో రైల్వే భాషలో చెబితే తేలిక. హౌరాలో ఒకే నిమిషంలో నాలుగు బళ్లు నాలుగు లైన్ల మీద బయల్దేరాయనుకోండి. మెయిలు ముందు వస్తుంది, ఎక్స్‌ప్రెస్ తర్వాత, ప్యాసింజరు ఇంకా తర్వాత, గూడ్సు ఎప్పటికో. ఖరగ్‌పూర్‌లో గడియారం పట్టుకుని కూర్చున్న మనిషి బోర్డు చూడకుండానే ఏది ఏ బండో చెప్పగలడు. క్రోమటోగ్రాఫ్‌లో జరిగేదీ అంతే. సన్నని వెంట్రుకలాంటి గొట్టం, సాధారణంగా 30 మీటర్ల పొడవు, ఒక పొయ్యిలో చుట్టగా చుట్టి ఉంటుంది. అందులోంచి హీలియంలాంటి వాయువు పారుతూ ఉంటుంది. ఒక చివర మిశ్రమాన్ని వదిలితే, గొట్టం లోపలి పూతకు అంటుకునే గుణాన్ని బట్టి ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి రెండో చివర బయటికి వస్తుంది. కాగితం మీద శిఖరాలుగా నమోదవుతుంది.

క్రిమి ఒంటి పొరలో కొవ్వులుంటాయి. అన్ని క్రిములకూ ఒకే కొవ్వులుండవు. ఒకదాని గొలుసులో పదిహేను కర్బన పరమాణువులు, మరొకదానిలో పద్దెనిమిది. ఒకచోట కొమ్మ, మరొకచోట హైడ్రాక్సిల్ తోక. వాటిని క్షారంతో విడగొట్టి, మిథైల్ ఆల్కహాల్‌తో కలిపి ఆవిరయ్యే రూపంలోకి మారిస్తే యంత్రంలోకి ఎక్కించవచ్చు. వచ్చిన శిఖరాల వరుస ఆ క్రిమి వేలిముద్ర లాంటిది. ఈ యంత్రమే కొవ్వు ఆమ్లాల కోసం పుట్టిందనవచ్చు. 1952లో ఇంగ్లండ్‌లో జేమ్స్, మార్టిన్‌లు గ్యాస్ క్రోమటోగ్రఫీని లోకానికి చూపించినప్పుడు వాళ్లు విడదీసి చూపింది కొవ్వు ఆమ్లాలనే. 1963కల్లా దీనితో బ్యాక్టీరియాను గుర్తుపట్టవచ్చని అమెరికా శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. తర్వాత అమ్మకానికి వచ్చిన ఒక గుర్తింపు వ్యవస్థకు 'షెర్లాక్' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాడికి మంచి హాస్యచతురత ఉండి ఉండాలి.

మాజీ సైనికులకు ఈ కథలో సొంత అధ్యాయం ఉంది. 1976 జులైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సభలు జరిగాయి. ఇళ్లకు చేరాక ఒక్కొక్కరే న్యుమోనియాతో పడిపోయారు. మొత్తం 221 మంది జబ్బుపడితే 34 మంది చనిపోయారు. విషప్రయోగమన్నారు, నికెల్ ఆవిరి అన్నారు, స్వైన్ ఫ్లూ అన్నారు. దాదాపు ఆరు నెలలకు, 1977 జనవరిలో, సీడీసీ శాస్త్రవేత్తలు అసలు క్రిమి దొరికిందని ప్రకటించారు. దాని కొవ్వులను గ్యాస్ క్రోమటోగ్రఫీలో పెట్టి చూస్తే, గ్రామ్-నెగటివ్ క్రిముల్లో అరుదైన కొమ్మల గొలుసులు కుప్పలుగా కనిపించాయి. తెలిసిన కుటుంబాల్లో దేనికీ చెందని కొత్త క్రిమి అని తేల్చడానికి అదీ ఒక సాక్ష్యమైంది.

ఇక్కడే నాకు ఈ పద్ధతి విలువ కనిపిస్తుంది. ఇవాళ మనం నమ్ముకున్న పీసీఆర్ పరీక్ష చాలా పదునైనది. అయితే అది మనం అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. 'ఇది క్షయ క్రిమా?' అంటే అవుననో కాదనో చెబుతుంది. క్షయ కాకపోతే మరేమిటో చెప్పదు. క్రోమటోగ్రాఫ్ ఎదురుగా ఎవరున్నారో చూసి ఆనవాళ్లు చెబుతుంది. సైనిక భాషలో చెప్పాలంటే మొదటిది పేరు పిలిచే హాజరు పట్టీ, రెండోది గస్తీ.

క్షయ క్రిమి ఆనవాలును ట్యూబర్‌క్యులోస్టియరిక్ ఆమ్లం అంటారు. పద్దెనిమిది కర్బనాల గొలుసు, పదో స్థానంలో ఒక చిన్న కొమ్మ. 1929లో ఆండర్సన్, చార్గాఫ్‌లు క్షయ క్రిమి నుంచి దాన్ని వేరుచేశారు. తర్వాతి కాలంలో డీఎన్‌ఏ జతల నియమంతో పేరుపొందిన చార్గాఫే ఈయన. 1979లో స్వీడన్ శాస్త్రవేత్తలు రోగుల కఫంలోనే నేరుగా ఈ ఆమ్లాన్ని పట్టుకున్నారు. మనిషి శరీరం దాన్ని తయారుచేయదు కాబట్టి దొరికిందంటే అర్థం ఉన్నట్టే.

అంత గొప్పదైతే ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఎందుకు లేదని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ట్యూబర్‌క్యులోస్టియరిక్ ఆమ్లం క్షయ క్రిమి ఒక్కదాని సొత్తు కాదు. నొకార్డియాలాంటి దాని చుట్టాల్లోనూ ఉంటుంది. క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కొవ్వు చెప్పలేదు, జన్యువే చెప్పాలి. పూర్తి వేలిముద్ర కావాలంటే ఇప్పటికీ క్రిమిని ముందు ఒకే రకం ఆహారం మీద, ఒకే ఉష్ణోగ్రతలో పెంచాలి. లేకపోతే దాని కొవ్వుల పాళ్లు మారిపోతాయి. ఆంత్రాక్స్‌నూ, అన్నంలో పెరిగి వాంతులు చేయించే బాసిల్లస్ సీరియస్‌నూ కొవ్వులను బట్టి విడదీయడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, ఈ యంత్రం ముందు కూర్చునే మనిషికి నెలల శిక్షణ కావాలి. మీట నొక్కితే జవాబిచ్చే పెట్టె వచ్చాక ఆసుపత్రులు దాన్నే ఎంచుకున్నాయి.

ఆ పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 2001 శరదృతువులో అమెరికాలో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ పొడి పంపితే 22 మంది జబ్బుపడ్డారు, అయిదుగురు చనిపోయారు. తర్వాత అక్కడి తపాలా కేంద్రాల్లో గాలిని వడపోసి ఆంత్రాక్స్ కోసం వెతికే వ్యవస్థను అమర్చారు. దాని గుండెకాయ సెఫీడ్ సంస్థ వారి జీన్‌ఎక్స్‌పర్ట్. అదే యంత్రాన్ని క్షయ పరీక్షకు మలిచారు, 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. మన జిల్లా ఆసుపత్రుల్లో సీబీనాట్ అని పిలిచేది ఆ యంత్రాన్నే. తపాలా భద్రత కోసం పెట్టిన డబ్బు చివరికి మన రోగుల కఫం పరీక్షకు పనికొచ్చింది. జీవాయుధాల పేరుతో పెట్టే ఖర్చు వృథా అని వాదించే మిత్రులకు నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇదే.

అమెరికా సైన్యం కొవ్వుల దారిని పూర్తిగా వదల్లేదు. వాళ్ల జీవాయుధ నిఘా వాహనం కోసం తయారైన మాస్ స్పెక్ట్రోమీటర్ గాల్లోని రేణువులను పట్టి, వేడిచేసి, కొవ్వులను అక్కడికక్కడే మిథైల్ ఎస్టర్లుగా మార్చి చదివేలా రూపొందింది. యూటా ఎడారిలోని డగ్వే మైదానంలో మరో పరికరాన్ని పరీక్షించారు. గాలిని కాల్చే చిన్న పొయ్యి, దాని వెనక పొట్టి క్రోమటోగ్రఫీ గొట్టం, చివర అయాన్ల కదలికను కొలిచే భాగం. ఈ చివరి భాగం పని చేసే సూత్రం మీకు పరిచయమైనదే. మనం 223 యంత్రాలు కొన్నది ఆ సూత్రం మీదే. అంటే మనవాళ్లకు గొలుసులో చివరి కడియం చేతికొచ్చింది, ముందు రెండూ జోడించే పరిశోధన చేయాలి. గ్వాలియర్ ప్రయోగశాలకు గ్యాస్ క్రోమటోగ్రఫీలో అనుభవానికి కొదవ లేదు. రసాయన ఆయుధ నిషేధ సంస్థ కోసం నమూనాలు పరీక్షించడానికి గుర్తింపు పొందిన చోటు అది. రసాయన ఆయుధాల ఒప్పందానికి తనిఖీలు చేసే అలాంటి సంస్థ ఉంది. 1975 మార్చి 26న అమల్లోకి వచ్చిన జీవాయుధ ఒప్పందానికి ఇప్పటికీ తనిఖీ యంత్రాంగమే లేదు. ఎవరైనా దొంగచాటుగా వదిలితే మన జాగ్రత్త మనమే పడాలి.

1979లో సోవియట్ సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ లీకై స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో కనీసం 66 మంది చనిపోతే, చెడిన మాంసం తిన్నారని పదేళ్లకు పైగా బుకాయించారు. అంత దూరం ఎందుకు, 1994 సెప్టెంబరులో సూరత్ ప్లేగు గుర్తుందా? దేశవ్యాప్తంగా 693 అనుమానిత కేసులు, 56 మరణాలు. చావులకన్నా భయం ఎక్కువ నష్టం చేసింది. లక్షల మంది ఊరు వదిలి రైళ్లెక్కారు. వాళ్లలో మన తెలంగాణ చేనేత కుటుంబాలూ ఉన్నాయి. సూరత్ నుంచి హౌరా వెళ్లే బళ్లు నాగ్‌పూర్ మీదుగా మా ఖరగ్‌పూర్ దాటాల్సిందే. అది ప్లేగేనా కాదా అన్న వాదం మాత్రం నెలల తరబడి నడిచింది. ఆ సమయంలో విదేశాలు మన విమానాలను ఆపేశాయి, సరకులను తిప్పిపంపాయి.

ఇటీవలి ఉదాహరణ ఇంటి పక్కనే ఉంది. 2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుస మరణాలు జనాన్ని హడలెత్తించాయి. మెలియోయిడోసిస్ అని అనుమానం వచ్చింది. వైద్య బృందాలు దిగాయి, రక్త నమూనాలు తీశారు, తాగునీరు పరీక్షించారు. జనం రోజుల తరబడి జవాబు కోసం ఎదురుచూశారు. ఈ మెలియోయిడోసిస్‌ను మొదట వర్ణించింది 1912లో రంగూన్‌లో పనిచేసిన విట్మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు. మట్టిలో, వరిమళ్ల నీటిలో ఉండే ఈ క్రిమి చాలాసార్లు క్షయలా నటిస్తుంది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల్లో ఏళ్ల తర్వాత బయటపడి 'టైం బాంబు' అనిపించుకుంది. జీవాయుధంగా వాడగలిగిన క్రిముల జాబితాల్లో దీని పేరుంది. దీనికి హానిలేని కవల సోదరుడి లాంటి క్రిమి ఒకటుంది, మామూలు పరీక్షల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొవ్వులు చూసి ఆ రెంటినీ విడదీశారు. ప్రమాదకరమైనదానిలో 2-హైడ్రాక్సీమిరిస్టిక్ ఆమ్లం ఉంది, రెండోదానిలో లేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి పండించే మనకు ఇంతకన్నా పనికొచ్చే సమాచారం ఏముంటుంది?

కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. క్రోమటోగ్రఫీ సీబీనాట్‌కు పోటీ కాదు. పీసీఆర్ 'కాదు' అన్నాక, రోగి పరిస్థితి మాత్రం దిగజారుతున్నప్పుడు, రెండో కన్నుగా అది ఉండాలి. ప్రతి ఆసుపత్రికీ కొనిపెట్టక్కర్లేదు. ఆ యంత్రాలు దేశంలో ఇప్పటికే ఉన్నాయి. నూనె శుద్ధి కర్మాగారాల్లో, ఆహార కల్తీ ప్రయోగశాలల్లో, ఫోరెన్సిక్ ల్యాబుల్లో, హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల కంపెనీల్లో రోజూ నడుస్తున్నాయి. లేనిదల్లా వాటికీ, ఆసుపత్రి వార్డుకూ మధ్య దారి. రోగి నమూనాను రసాయన ల్యాబుకు పంపాలంటే ఏ ఫారం నింపాలో, ప్రమాదకర క్రిమిని ముందుగా ఎవరు చంపి పంపాలో, ఫలితానికి ఎవరు సంతకం పెట్టాలో ఎక్కడా రాసి లేదు. సైన్యంలో అయితే ఒక పేజీ ఆర్డరుతో తేలే పని.

ప్రయోగం మొదలుపెట్టడానికి ఖరగ్‌పూర్‌కన్నా తగిన చోటు నాకు తోచదు. సొంత ఊరి మీద మమకారం అనుకున్నా అభ్యంతరం లేదు. రైల్వే ఆసుపత్రి ఉంది, వైమానిక స్థావరం వైద్యులు ఉన్నారు, ఐఐటీలో 2001 నుంచి వైద్య శాస్త్ర సాంకేతిక విభాగం ఉంది. 2020లో కొవిడ్ ముంచెత్తినప్పుడు ఆ ఐఐటీలోనే సుమన్ చక్రవర్తి, అరిందం మండల్ బృందం తక్కువ ఖర్చుతో గంటలో ఫలితమిచ్చే కొవిరాప్ పరీక్షను తయారుచేస్తే ఆ అక్టోబరులో ఐసీఎంఆర్ ధ్రువీకరించింది. చేయగల మనుషులున్నారని అప్పుడే రుజువైంది. హెచ్చరిక యంత్రాల ఒప్పందంలో ఒక్కొక్కటి సుమారు రూ.36 లక్షలు పడింది. మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కూడిన ఒక మామూలు క్రోమటోగ్రాఫ్ కోటి రూపాయల లోపు దొరుకుతుంది. హీలియం దిగుమతి సరకు కాబట్టి హైడ్రోజన్‌తో నడిపేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఆ మార్పు తెలిసినదే.

మొదటి ఏడాది కొత్తగా ఎవరి ఒంట్లోంచీ ఏమీ తీయనక్కర్లేదు. పరీక్షలు అయ్యాక మిగిలే కఫం, వెన్నునీరు ప్రస్తుతం బ్లీచింగ్ కలిపి పారబోస్తున్నారు. ఎథిక్స్ కమిటీ అనుమతితో, పేర్లు తీసేసి, ఆ మిగులులో కొంత క్రోమటోగ్రాఫ్‌కు పంపాలి. సీబీనాట్ చెప్పిందీ, కల్చర్ చెప్పిందీ, కొవ్వు చెప్పిందీ పక్కపక్కన రాసుకోవాలి. ఏడాది చివర మూడు వరుసలూ ఎంతవరకు కలిశాయో చూస్తే, ఇది కలైకుండా వైద్యుడికీ తురకపాలెం వైద్యుడికీ పనికొస్తుందో లేదో తేలిపోతుంది. పనికిరాదని తేలితే ఆ యంత్రం ఎలాగూ ఐఐటీ విద్యార్థులకు ఉపయోగపడుతుంది.